జలదారి లేని ఇల్లు

కొత్త ఇల్లు కట్టేటప్పుడు మగవాళ్ళు వరండా ఎంత, హాలు ఎంత అని టేపు పట్టుకుని కొలుస్తూ ఉంటారు. వంటింటి గడప దగ్గర నిలబడి ఆడవాళ్ళు అడిగేది మాత్రం ఒకటే: "ఈ గిన్నెలు కడిగిన నీళ్ళు ఎటు పోతాయండీ?" చిన్న ప్రశ్నే. కాని దాన్ని కొట్టిపారేస్తే మొదటి వానకే తెలిసొస్తుంది. కోనసీమ కథ అచ్చం ఇదేనండీ.

ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. ఇన్ని నీళ్ళ మధ్య ఉన్నా ఒకప్పుడు చేలకు మాత్రం వాన చుక్కే దిక్కు. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. వైనతేయకు అవతల, రాజోలు వైపు పొలాలకు నీరందించడానికి గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడెక్టు కట్టారు. కింద ఏరు, పైన కాలువ! ఆ రోజుల్లో దొరకు కుడిభుజంగా నిలిచినవాడు మన వీణెం వీరన్న. గోదావరి స్నానం చేయిస్తూ సంకల్పంలో కాటన్ పేరు చేర్చి చెప్పే పురోహితులున్నారంటే, మనవాళ్ళు చేసిన మేలు మరచిపోయే రకం కాదన్నమాట.

నీళ్ళు రావడం బాగానే ఉంది. మరి పోవడమో?

కోనసీమ నేల పళ్ళెంలా ఉంటుంది. చేలో నిలిచిన వాన నీరు బోదెలోంచి చిన్న డ్రెయిన్‌లోకి, అక్కణ్ణించి అమలాపురం కౌశిక లాంటి, మలికిపురం వైపు శంకరగుప్తం లాంటి పెద్ద డ్రెయిన్లలోకి దిగి, చివరికి ఏట్లోనో సముద్రంలోనో కలవాలి. దానికీ వేళాపాళా ఉంది. సముద్రం పోటు మీదుంటే నీరు వెనక్కి తంతుంది, పాటు వేళే దిగాలి. 1986 ఆగస్టులోలా, 2022 జులైలోలా గోదావరి పొంగితే స్లూయిజు తలుపులు తెరవడానికి లేదు, ఏరే ఊళ్ళోకి వస్తుంది. మూస్తే పడ్డ వానంతా చేలోనే. ఆపైన గుర్రపుడెక్క అల్లుకుని, అడుగున పూడిక పేరుకుంటే ఇక చెప్పేదేముంది! నాట్లు వేసిన అమ్మల రెక్కల కష్టం నాలుగు రోజుల్లో కుళ్ళిపోతుంది.

ఈ సంగతి సర్కారుకి తెలియదా అంటే తెలుసు. 1964లో డెల్టా ముంపు గురించి మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగుకాలువల కోసం రైతుల దగ్గర సెస్సు వసూలుకు చట్టమే చేశారు. డబ్బు అడగడానికి రైతు గుర్తొచ్చాడు. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో అడగడానికి అంతగా గుర్తు రాలేదు.

చివరికి 2011లో అడక్కుండానే చెప్పాడు. ఆ ఏడు కోనసీమ రైతులు సార్వా ఊడ్చమన్నారు. పంట విరామం! అన్నపూర్ణ అనిపించుకున్న నేలలో దాదాపు లక్ష ఎకరాలు బీడు పడ్డాయని నాటి లెక్కలు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది, వీటికి తోడు ముంపు. డ్రెయిన్లు బాగు చెయ్యండి, నవంబరు తుపాన్లు రాకముందే కోతలయ్యేలా కాలువలకు ముందుగా నీళ్ళు వదలండి అన్నారు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళు మరి ఆ మాట అనకేం చేస్తారు? కమిషనర్లూ కలెక్టర్లూ వచ్చారు, మోహన్ కందా కమిటీ వచ్చింది, నివేదిక వచ్చింది. 2022లో కోనసీమలో పంట విరామం మాట మళ్ళీ వినవచ్చింది.

రైతు మాట వినే ఏర్పాటు అసలు లేకపోలేదు. 1997లో చట్టం చేసి నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. 2024 డిసెంబరులోనూ జరిగాయి. ఓటు ఎవరికి? రికార్డులో పొలం ఎవరి పేరనుంటే వారికి. ఊడ్పుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడే ఆవిడ పేరు ఆ రికార్డులో ఎంతమందికుంటుంది చెప్పండి? నీరు ఎక్కడ ఆగిందో పాదాలతో తెలుసుకునేది మాత్రం ఆవిడే.

2025 నవంబరులో ఉపముఖ్యమంత్రి కేశనపల్లి వచ్చి, శంకరగుప్తం డ్రెయిన్‌లోంచి ఎగదన్నిన ఉప్పునీటికి మోడుబారిన కొబ్బరిచెట్లను చూశారు. కొబ్బరిచెట్టంటే కోనసీమలో కన్నబిడ్డతో సమానం. అంత ఎదిగినవి నిలువునా తలలు రాల్చేదాకా పెద్దలు వచ్చి చూడాలని ఆగక్కర్లేదు కదా.

రేపు ఏ డ్రెయిన్ తవ్వినా, ఏ స్లూయిజు కట్టినా, కాగితం మీద గీత గీసేముందు ఆ చేలగట్టు మీద ఒక్క గంట కూర్చుంటే చాలు. వంటింటి గడపలో అడిగిన ప్రశ్నే అక్కడా వినిపిస్తుంది: "ఈ నీళ్ళు ఎటు పోతాయండీ?"