పాత లెన్సుకి కొత్త కెమెరా సంబంధం

దోణిమలై ఇనుప గనుల్లో 1977లో పని మొదలయ్యాక, ఉద్యోగాలకొచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. మనలాంటి ఇళ్ల బీరువాల్లో పట్టుచీరల అడుగున ఒక పాత కెమెరా ఉంటుంది. రీలు వేసే రోజులు పోయాయి గానీ, దాని లెన్సు ఇంకా పనికొస్తుంది. నేటి కెమెరాకి దాన్ని తగిలించొచ్చా అంటే, చాలావరకు తగిలించొచ్చు. ఎలాగో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మనకి దగ్గరలోని హంపిని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా కాగితపు నెగటివ్‌ల మీద ఫోటోలు తీశాడు. అప్పటి కెమెరాలు చెక్కపెట్టెలు. వాటికి వేరే లెన్సు పెట్టడం దాదాపు వడ్రంగి పనే. పలకకి కన్నం చేసి బిగించి, ముందుకీ వెనక్కీ జరిపి ఫోకస్ కుదుర్చుకునేవాళ్లు.

చిన్న కెమెరాలొచ్చాక ఆ వెసులుబాటు పోయింది. లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ముకి ఎంత దూరముండాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా ఖాయం చేసుకుంది. 1949 నాటి జర్మన్ కెమెరా కాంటాక్స్ ఎస్‌కి 42 మి.మీ. మర ఉండేది. తర్వాత ప్రాక్టికా, పెంటాక్స్, రష్యా జెనిట్ కూడా అదే మర వాడాయి. దాని పేరే ఎం42. దాని దూరం 45.46 మి.మీ.

ఇక మిగిలింది లెక్కే. కెనాన్ ఈఎఫ్ దూరం 44, కాబట్టి 1.46 మి.మీ. రింగు చాలు. నికాన్ ఎఫ్‌ది 46.5. అందులో ఎం42 లెన్సు ఉండాల్సిన దానికన్నా దూరంగా కూర్చుంటుంది. దగ్గరి ముఖం స్పష్టంగా వస్తుంది, దూరపు కొండ మసకబారుతుంది. లోపల అద్దం లేని సోనీ ఇ కెమెరాలకి దూరం 18 మాత్రమే. మధ్యలో 27.46 మి.మీ. గొట్టం పెడితే కొండ కూడా స్పష్టంగా వస్తుంది.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. లెన్సు అంచుని ఆకురాయితో అరగదీయించకండి. అరిగిన లోహం తిరిగి రాదు. రింగునైతే ఎప్పుడైనా విప్పేయొచ్చు. మా ఊళ్లోలా ఎర్రదుమ్ము ఉంటే, తిప్పే ముందు మెత్తటి బ్రష్‌తో దులపండి. లోపల బూజు ఉందేమో వెలుతురుకి పెట్టి చూడండి. కెమెరా మెనూలో ‘లెన్సు లేకుండా షట్టర్’ ఆన్ చేసుకోండి, ఫోకస్ చేత్తో తిప్పుకోండి.

ఈసారి సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు బీరువా వెతికి, మర వెడల్పు కొలవండి. 42 వచ్చిందా, తాతయ్య పెళ్లి ఫోటోలు తీసిన లెన్సుతోనే మనవరాలి ఫోటో తీయొచ్చు.