రేకు పొట్లములో వంట

అమెరికాలో బాలబాలికలు సెలవుదినములలో అడవి అంచున గుడారములు వేసికొని రెండు మూడు రోజులు గడుపుట వాడుక. సాయంత్రమున నెగడు వేసి, మంట తగ్గి నిప్పులు కణకణలాడువరకు వేచియుందురు. ఈలోపల ఒక్కొక్కరు మూరెడు అల్యూమినియం రేకును పరచి, దానిపై బంగాళాదుంప, కారట్, ఉల్లి ముక్కలను, వాని నడుమ సాసేజి తునకలను పేర్చి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, అంచులను గట్టిగా మడచి పొట్లము కట్టుదురు. సాసేజి యనగా మాంసమును మెత్తగా కొట్టి, ఉప్పు, మసాలా కలిపి, ప్రేగు తొడుగులో కూరినది. పొట్లమును నిప్పులపై ఉంచి, నడుమ ఒకసారి తిరుగవేసి, అరగంట గడచిన పిమ్మట విప్పినచో భోజనము సిద్ధము. గిన్నె తోమవలసిన పని లేదు.

చూచుటకు ఇది పిల్లల ఆటవలె ఉండును. కాని ఈ పొట్లములో రెండు చరిత్రలు కలిసియున్నవి. ఒకటి రేకు చరిత్ర. రెండవది సాసేజి చరిత్ర. ఇది కొంత భయంకరమైనది.

ఆహారమును చుట్టి నిప్పులపై వండుట రేకుతో పుట్టిన విద్య కాదు. పసిఫిక్ దీవులవారు చేపలను, దుంపలను ఆకులలో చుట్టి, కాల్చిన రాళ్లపై పేర్చి మట్టి కప్పుదురు. మన అరకు ప్రాంతపు గిరిజనులు వెదురు బొంగులో మాంసము కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పులపై కాల్చుదురు. అంతటను సూత్రమొక్కటే. పదార్థములోని నీరు ఆవిరియై, బయటికి పోజాలక, పదార్థమునే ఉడికించును. నీరున్నంతవరకు లోపలి వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపులనే నిలుచును. అయితే ఆకైనను బొంగైనను పచ్చిగా ఉండవలెను. ఎండినచో అంటుకొనును.

అంటుకొనని తొడుగు కావలెనన్న లోహమే శరణ్యము. అల్యూమినియం భూమి పైపొరలో మిక్కిలి సమృద్ధిగా నున్న లోహము. కాని అది ఆమ్లజనితో ఎంత గట్టిగా కలిసియుండుననగా, ఇనుమును తీసినట్లు బొగ్గుతో కాల్చి దీనిని తీయుటకు వీలులేదు. 1825లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్, 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు వోలర్ దీనిని కొద్దికొద్దిగా వేరుచేసిరి. 1854లో ఫ్రాన్సులో డెవీల్ సోడియం సహాయమున ఎక్కువ మోతాదులో తీయు మార్గము చూపెను. అయినను ధర ఎక్కువగనే యుండెను. 1884లో అమెరికా రాజధానిలోని వాషింగ్టన్ స్మారక స్తంభమునకు శిఖరముగా నిలిపిన అల్యూమినియం ముద్ద బరువు 100 ఔన్సులు మాత్రమే. అప్పుడది ఇంచుమించు వెండి ధర పలికెను.

రెండేండ్లు గడచినంతనే కథ మారినది. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూ, ఒకరినొకరు ఎరుగకయే ఒకే పద్ధతిని కనుగొనిరి. అల్యూమినాను కరగిన క్రయొలైటులో కలిపి విద్యుత్తు పంపినచో లోహము అడుగున చేరును. ఇరువురును 1863లో పుట్టి 1914లోనే మరణించుట మరియొక వింత. నేటికిని లోకమున అల్యూమినియం ఈ పద్ధతి చొప్పుననే తయారగుచున్నది. చవుకయైన లోహమును చుట్టలుగా అణచి పలుచని రేకు చేయు పరిశ్రమ 1910లో స్విట్జర్లాండులో వెలసెను. అంతవరకు చాకొలెట్టు మున్నగువాటికి తగరపు రేకు చుట్టెడివారు. వంటింటి రేకు అమెరికాలో రెనాల్డ్స్ కంపెనీ చేతుల మీదుగా 1947లో అంగళ్లకు వచ్చెను.

ఈ రేకు మందము మిల్లీమీటరులో సుమారు 60వ వంతు. అల్యూమినియం 660 డిగ్రీలవద్ద కరగును. మండు నిప్పుల వేడి అంతకు మించగలదు. అయినను పొట్లము కరగకుండుటకు కారణము లోని తడియే. రేకుకు చేరిన వేడిని తడి ఎప్పటికప్పుడు లాగుకొనును. పదార్థమును తాకక వ్రేలాడు అంచు మాత్రము ఒక్కొక్కప్పుడు కరగి చిల్లి పడును. రేకు ఒక ప్రక్క మెరయుచు, రెండవ ప్రక్క మసకగా ఉండుట చూచి, ఏ ప్రక్క లోపలికి ఉండవలెనని కొందరు వాదులాడుదురు. అందు విశేషమేమియు లేదు. చివరిసారి అణచునప్పుడు రెండు రేకులను జతగా పంపుదురు. రోలరును తాకిన ప్రక్క మెరయును; ఒకదానికొకటి తాకిన ప్రక్క మసకబారును. తెలియవలసినది వేరొకటి కలదు. నిమ్మరసము, టొమాటో వంటి పులుపు, అందునను ఉప్పు కలిసిన పులుపు, అల్యూమినియమును కొంత కరగించి ఆహారములో చేర్చును. అట్టివాటిని రేకులో వండకుండుట మేలు.

ఇక సాసేజి. 1793లో జర్మనీలోని వుర్టెంబెర్గ్ సీమలో విల్డ్‌బాడ్ అను ఊర ఒక పెద్ద సాసేజిని తిన్న 13 మంది జబ్బుపడిరి; ఆరుగురు మరణించిరి. ఆ సీమలో ఇట్టివి మరల మరల జరిగినవి. యుస్టినుస్ కెర్నర్ అను వైద్యుడు, కవిగా కూడ పేరు పొందినవాడు, రోగులను శ్రద్ధగా పరిశీలించి 1820లోను 1822లోను గ్రంథములు వెలువరించెను. రెప్పలు వాలుట, ఒకటి రెండుగా కనబడుట, నోరెండుట, మ్రింగలేకపోవుట, తుదకు ఊపిరి తీయు కండరములు చచ్చుబడుట, ఇవి లక్షణములు. తెలివి మాత్రము కడవరకు చెడదు. కెర్నర్ జంతువులపైనను, తనపైనను ఆ విషమును పరీక్షించెను. గాలి చొరనిచోట అది పుట్టునని గ్రహించెను. కొద్ది మోతాదులో మందుగా పనికిరావచ్చునని కూడ ఊహించెను. 1989లో ఆ విషమే కనురెప్పల ఈడ్పుకు ఔషధముగా అమెరికాలో అనుమతి పొందినది. ఈ వ్యాధికి బొటులిజం అని పేరు. లాటిన్ భాషలో బొటులుస్ అనగా సాసేజి.

కారణమైన సూక్ష్మజీవి దొరకుటకు ముప్పాతిక శతాబ్దము పట్టినది. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ గ్రామమున ఒక అంత్యక్రియలకు వచ్చిన వాద్యకారులు నిలువ పంది మాంసము తిని జబ్బుపడగా, ముగ్గురు మరణించిరి. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసము నుండి గాలి లేనిచోట పెరుగు ఒక బాక్టీరియమును వేరుచేసెను. దాని సిద్ధబీజములు మట్టిలో సర్వసాధారణము. అవి మరుగు నీటి వేడికి చావవు. గాలి లేక, తడియుండి, పులుపు లేక, గోరువెచ్చగా ఉన్నచోట అవి మొలకెత్తి విషము చేయును. నిలువ సాసేజిలలో కొద్దిపాటి నైట్రైటు చేర్చుట వాడుకయైన పిమ్మట వానివలన ఈ వ్యాధి అరుదయ్యెను.

నెగడు పొట్లములో సాసేజికి ఈ భయము లేదు. వేడివేడిగా విప్పి అప్పుడే తినుదురు గనుక సిద్ధబీజములకు వ్యవధి చాలదు. నడిమి మాంసము 71 డిగ్రీలకు తక్కువ కాకుండ ఉడికిన చాలును. తునకలు చేయుట అందుకే.

చిక్కు వచ్చినది ప్రక్కనున్న బంగాళాదుంపతో. 1994 ఏప్రిల్‌లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, ఎల్ పాసో నగరములో 30 మంది బొటులిజం పాలైరి. ఆరా తీయగా, ఒక భోజనశాలలో బంగాళాదుంపలను రేకులో చుట్టి కాల్చి, విప్పకయే అనేక దినములు గదిలో ఉంచి, పిమ్మట వానితో పచ్చడి వంటిది చేసిరని తేలెను. మట్టిలో పెరిగిన దుంప తోలుపై సిద్ధబీజములుండుట సహజము. లోపలి తడి వలన దుంప 100 డిగ్రీలు దాటదు గనుక అవి చావలేదు. రేకు తడిని ఆరనీయలేదు, గాలిని చొరనీయలేదు. కెర్నర్ సాసేజిలో చూచిన స్థితియే రేకులో తిరిగి ఏర్పడినది. కాల్చిన దుంప వెంటనే తినుటకు కానిచో, దానిని 60 డిగ్రీలకు పైగా వేడిగా ఉంచవలెను; లేదా రేకు పూర్తిగా విప్పి, వెంటనే శీతల పేటికలో పెట్టవలెను.