ఎన్.హెచ్.ఎల్. ఎంట్రీ డ్రాఫ్టుకు ముందు ఆటగాళ్ళ మదింపు

నేషనల్ హాకీ లీగ్ (ఎన్.హెచ్.ఎల్.) అమెరికా, కెనడా దేశాల జట్లు పాల్గొనే వృత్తిపరమైన ఐస్ హాకీ లీగు. ఇందులోని జట్లు ఏటా ఎంట్రీ డ్రాఫ్ట్ అనే ఎంపిక ప్రక్రియ ద్వారా యువ ఆటగాళ్ళపై హక్కులు పొందుతాయి. ఎంపికకు ముందు ప్రతి జట్టూ ఆ ఆటగాళ్ళ ప్రస్తుత నైపుణ్యాన్ని, మున్ముందు వారు చేరుకోగల స్థాయిని అంచనా వేస్తుంది. ఈ వ్యాసం ఆ మదింపు గురించినది. మంచుపై, పక్ అనే రబ్బరు బిళ్ళతో ఆడే ఈ ఆట భారతదేశంలో ప్రసిద్ధమైన మైదానపు హాకీకి భిన్నమైనది.

ఐ.పి.ఎల్. క్రికెట్‌లో వలె డ్రాఫ్టులో వేలంపాట ఉండదు. జట్లు వంతుల వారీగా ఒక్కొక్క ఆటగాడిని ఎంచుకుంటాయి. గత సీజనులో వెనుకబడిన జట్లకు ముందు వంతులు లభిస్తాయి. మొదటి స్థానాలను లాటరీ ద్వారా నిర్ణయిస్తారు. ఎంపికైన ఆటగాడు నిర్ణీత కాలం వరకు లీగులోని మరో జట్టుతో ఒప్పందం చేసుకోవడానికి వీలుండదు. అందువలన ఈ అంచనాపై జట్టు భవిష్యత్తుతో పాటు ఆటగాడి జీవనోపాధి కూడా ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

తొలి డ్రాఫ్ట్ 1963లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో జరిగింది. అందులో 21 మంది ఎంపికయ్యారు. అంతకుముందు జట్లు జూనియర్ క్లబ్బులను పోషిస్తూ, ఆ క్లబ్బుల ఆటగాళ్ళను తమవారిగా చేసుకునేవి. 1979లో దీనికి ఎంట్రీ డ్రాఫ్ట్ అని పేరు మార్చారు. 1980 నాటికి కనీస వయసును 18 ఏళ్ళకు తగ్గించారు. దీనితో ఇంకా శరీరం పూర్తిగా ఎదగని యువకులను అంచనా వేయవలసిన అవసరం ఏర్పడింది. 2005 నుండి డ్రాఫ్ట్ ఏడు రౌండ్లుగా జరుగుతున్నది.

మదింపు జరిగే విధానం

ప్రతి జట్టుకూ స్కౌట్లు అనే ప్రతిభాన్వేషకులు ఉంటారు. వీరు కెనడాలోని జూనియర్ లీగులు, అమెరికాలోని జూనియర్, కళాశాల జట్లు, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా వంటి దేశాల లీగుల ఆటలను చూసి నివేదికలు వ్రాస్తారు. ఒకే ఆటగాడిని వేర్వేరు స్కౌట్లు వేర్వేరు సమయాలలో చూడటం వాడుక. ఒక్క రోజు ఆటను బట్టి తీర్పు ఇవ్వకుండా ఉండటమే దీని ఉద్దేశం. ఏటా జరిగే 18 ఏళ్ళ లోపు, 20 ఏళ్ళ లోపు ప్రపంచ పోటీలలో సమవయస్కులు ఒకే వేదికపై కనిపిస్తారు కనుక వాటికి ప్రాధాన్యం ఎక్కువ.

లీగు స్వయంగా నడిపే సెంట్రల్ స్కౌటింగ్ విభాగం 1975లో ఏర్పడింది. ఇది ఆటగాళ్ళను నాలుగు జాబితాలుగా ప్రకటిస్తుంది. ఉత్తర అమెరికా ఆటగాళ్ళకు, అంతర్జాతీయ ఆటగాళ్ళకు వేర్వేరు జాబితాలుంటాయి. రెండింటిలోనూ గోల్ కీపర్లకు విడి జాబితా ఉంటుంది. ఈ వరుసను పాటించాలనే నియమం జట్లకు లేదు.

డ్రాఫ్టుకు కొద్దివారాల ముందు కంబైన్ అనే పరీక్షల శిబిరం జరుగుతుంది. 2015లో ఇది టొరంటో నుండి అమెరికాలోని బఫెలో నగరానికి మారింది. ఇందులో వైద్య పరీక్షలు, దూకడం, పుల్-అప్‌లు, వ్యాయామ సైకిలుపై దమ్ము పరీక్షలు, జట్ల అధికారులతో ముఖాముఖి ఉంటాయి. మంచుపై ఆడించే పరీక్షలు ఇందులో భాగం కావు. 2014 శిబిరంలో శామ్ బెన్నెట్ ఒక్క పుల్-అప్ కూడా చేయలేకపోయాడు. అయినా కాల్గరీ జట్టు అతనిని నాలుగవ స్థానంలో ఎంచుకున్నది. 2025లో ఫ్లోరిడా జట్టు స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీని అతడే అందుకున్నాడు.

పరిశీలించే అంశాలు

* స్కేటింగ్: వేగం, మలుపులు, ఆగి మళ్ళీ వేగం అందుకోవడం.
* చేతి నైపుణ్యం: పక్‌పై అదుపు, పాస్, షాట్.
* ఆటపై అవగాహన: ఎదుటివారి కదలికను ముందే పసిగట్టి నిర్ణయం తీసుకోవడం. దీనిని అంకెలలో కొలవడం కష్టం.
* పోటీతత్వం: పక్ కోసం పెనుగులాడటం, పక్ చేజారినప్పుడు వెంటనే రక్షణకు తిరిగి రావడం.
* దేహదారుఢ్యం: ప్రస్తుత ఎత్తు, బరువులతో పాటు ఇంకా ఎంత ఎదుగుతాడన్నది.

గణాంకాలు

గోల్స్, అసిస్టులు కలిపి పాయింట్లుగా లెక్కిస్తారు. అయితే పెద్దల లీగులో సాధించిన పది పాయింట్లు, జూనియర్ లీగులో సాధించిన పది పాయింట్లు సమానం కావు. అందువలన లీగు స్థాయి, ఆటగాడి వయసు, మంచుపై గడిపిన సమయం, సహచరుల నైపుణ్యం వంటి వాటిని లెక్కలోకి తీసుకుని పోల్చుతారు.

వయసు ప్రభావం

డ్రాఫ్ట్ జరిగే సంవత్సరం సెప్టెంబరు 15 నాటికి 18 ఏళ్ళు నిండేవారు అర్హులు. దీనివలన ఒకే డ్రాఫ్టులో తొలిసారి అర్హత పొందేవారి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు. కెనడాలో బాలుర జట్లను జనవరి 1 ప్రాతిపదికగా విభజిస్తారు కనుక, సంవత్సరం మొదట్లో పుట్టినవారు తమ జట్టులో పెద్దవారై, ఎక్కువ అవకాశాలు పొందుతారు. 2013లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, సంవత్సరం చివర్లో పుట్టినవారిని జట్లు వారి తర్వాతి ఆటతీరుకు తగిన స్థానంలో కాక, దిగువ స్థానాలలో ఎంచుకున్నాయి.

2025 డ్రాఫ్టులో మొదటి స్థానంలో ఎంపికైన మాథ్యూ షేఫర్ 2007 సెప్టెంబరు 5న జన్మించాడు. మరో పదకొండు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే అతడు తర్వాతి ఏడాది డ్రాఫ్టుకు వెళ్ళేవాడు. భుజం వద్ద ఎముక విరగడంతో ఆ సీజనులో జూనియర్ లీగులో 17 ఆటలే ఆడినా, న్యూయార్క్ ఐలాండర్స్ అతనిని ఎంచుకున్నది.

అంచనాలు తప్పిన సందర్భాలు

1999లో పాట్రిక్ స్టెఫాన్ మొదటి స్థానంలో ఎంపికైనా ఆశించిన స్థాయికి ఎదగలేదు. అదే డ్రాఫ్టులో 210వ స్థానంలో డెట్రాయిట్ ఎంచుకున్న హెన్రిక్ జెట్టర్‌బర్గ్ 2008లో కాన్ స్మైత్ ట్రోఫీ గెలిచాడు. గోల్ కీపర్లు ఆలస్యంగా పరిణతి చెందుతారు కనుక వారి విషయంలో అంచనా మరింత కష్టం. 2000లో గోల్ కీపర్ రిక్ డిపియెట్రో మొదటి స్థానంలో, హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 205వ స్థానంలో ఎంపికయ్యారు. గాయాలు డిపియెట్రోను వెనక్కి లాగగా, లుండ్‌క్విస్ట్ 2023లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2022లో లేన్ హట్సన్ పొట్టివాడైనందున 62వ స్థానం వరకు మిగిలిపోయాడు. 2024-25 సీజనులో ఉత్తమ నూతన ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనికే దక్కింది.

ఈ ఉదాహరణలలో కనిపించే సామాన్య లక్షణం ఒకటి ఉన్నది. 18 ఏళ్ళ వయసులో శరీరాన్ని, పాయింట్లను కొలవడం సులభం. తర్వాతి ఐదారేళ్ళ ఎదుగుదలను కొలిచే సాధనం లేదు. అందుకే జట్లు గణాంకాలను విస్తృతంగా వాడుతున్నా స్కౌట్లను ఆటలకు పంపడం మానలేదు.

ఇవి కూడా చూడండి

* ఐస్ హాకీ
* నేషనల్ హాకీ లీగ్
* స్టాన్లీ కప్