సాగర పూర్వసూచన: సొంత యంత్రమునుండి క్లౌడునకు

సముద్రపు రేపటి స్థితిని నేడే యెఱుంగవలెనను కోరిక తీరవాసులకు పురాతనమైనదే యైనను, అది యంత్రగణితమునకు లోబడినది పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున. 1870ల తొలినాళ్లలో విలియం థామ్సన్, పిమ్మట కెల్విన్ ప్రభువని ప్రసిద్ధి కెక్కినవాడు, కప్పీలతోను పళ్లచక్రములతోను కూర్పించిన యంత్రము ఒక రేవునందలి ఏడాది ఆటుపోటులను ముందుగనే కాగితముపై గీచి చూపెడిది. సూర్యచంద్రుల గతి ననుసరించు పోటునకు తొందర లేదు. గాలికి లేచు తరంగములును, దారి మార్చుకొను ప్రవాహములును అట్టివి కావు. వాని లెక్క వానికంటె ముందుగా ముగియనిచో సూచన నిష్ప్రయోజనము.

1944లో మిత్రసేనలు నార్మండీ తీరమున దిగునపుడు స్వెర్‌డ్రప్, మంక్ పండితుల పద్ధతి చొప్పున అలల యెత్తును అంచనా గట్టిరి. 1960ల చివర అమెరికాలో కిర్క్ బ్రయాన్, మైకేల్ కాక్స్ మహాసముద్రమును గళ్లుగా విభజించి, ప్రతి గడియందలి ఉష్ణోగ్రత, లవణీయత, ప్రవాహవేగములను కంప్యూటరుచే గణింపజేసిరి. అయినను సముద్రము నేడెట్లున్నదో తెలియక రేపటి లెక్క సాగదు. 1992లో ప్రయోగింపబడిన టోపెక్స్/పొసైడన్ ఉపగ్రహము సముద్రోపరితలపు టెత్తుపల్లములను, నూతన శతాబ్దారంభమునుండి రెండువేల మీటర్ల లోతునకు మునిగి తేలుచున్న ఆర్గో పరికరములు లోపలి స్థితిని తెలుపుటతో ఆ కొఱత చాలవఱకు తీరెను. 1999లో హైదరాబాదున నెలకొన్న ఇన్‌కాయిస్ అను సాగర సమాచార కేంద్రము మత్స్యకారులకును నావికులకును పంపు అలల, ప్రవాహముల సూచనల వెనుక ఇట్టి లెక్కలు కట్టు నమూనాలును, వానిని మోయు మహాకంప్యూటర్లును కలవు.

మఱి మహాకంప్యూటరు లేనివారి గతి యేమి? సూచన నమూనా దినమునకు కొన్ని గంటలే నడచును. అంతమాత్రమునకు పెద్దయంత్రమును కొనుట ఇంట నొక్క పెండ్లికై సత్రము కట్టించుటవంటిది. 2006లో అమెజాన్ సంస్థ కంప్యూటర్లను గంటల లెక్కన అద్దె కిచ్చు ‘క్లౌడు’ సేవ మొదలిడగా, 2008లో ఎం.ఐ.టి. పరిశోధకులు ఎవాంజెలినోస్, హిల్ సముద్ర వాతావరణముల జంట నమూనాను వానిపై నడిపి చూచిరి. ఇందలి చిక్కు సూక్ష్మమైనది. సముద్రమును ముక్కలు చేసి ఒక్కొక్క ప్రాసెసరునకు ఒక్కొక్కటి నప్పగింపగా, లెక్క ఒక్కయడుగు ముందుకు సాగవలెనన్న ప్రతి ముక్కయు తన యంచుల విలువలను పొరుగు ముక్కకు తెలుపవలెను. ఆ వార్త యాలస్యమైనచో ప్రాసెసరు ఎంత చుఱుకైనదైనను ఊరక వేచియుండవలసినదే. అద్దె యంత్రముల నడుమ నెట్‌వర్కు మందకొడిగా నుండుటచే ఫలితము మహాకంప్యూటరునకు సాటి రాక, మామూలు కంప్యూటర్లను జతపఱచిన చౌకరకపు క్లస్టరుతో సరితూగెను. 2010లో పది గిగాబిట్ల నెట్‌వర్కు గల యంత్రములు అద్దెకు వచ్చిన పిమ్మట ఆ యడ్డంకి సడలసాగెను.

అయినను దత్తాంశములను నిలువ చేయుటకును, వెలికి దెచ్చుటకును రుసుము చెల్లింపక తప్పదు. కావున నిత్యము నడచు పెద్దలెక్కకు సొంత యంత్రమే చౌక కావచ్చును. తుపాను పుట్టినపుడు గాలిలెక్క మార్చి మార్చి ఒకే నమూనాను పదులసార్లు ఏకకాలమున నడుపవలసివచ్చినను, యంత్రము కొనలేని విశ్వవిద్యాలయము తన తీరమునకు సూచన చేయబూనినను అద్దెయే మేలు. సముద్రశాస్త్రమునకు క్లౌడు క్రొత్త సూత్రము నొక్కటియు చేర్చలేదు గాని, ఆ సూత్రములను వేళకు వాడుకొనగలవారి సంఖ్యను పెంచినది.