పుస్తకాలు పక్కన పెట్టిన కుర్రాళ్లు

1914 ఆగస్టులో బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగేసరికి, లండన్‌లో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులకు పెద్ద చిక్కే వచ్చిపడింది. తమను ఏలుతున్న దేశానికి కష్టకాలంలో సాయపడాలా, అదను చూసి హక్కులు అడగాలా? అప్పుడే దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గాంధీ మొదటిదే మేలన్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్న సుమారు 80 మందితో ఒక దళం ఏర్పడింది.

క్షతగాత్రులకు సేవచేసే ఆ దళానికి ఆరు వారాల ప్రథమచికిత్స పాఠాలు చెప్పింది డాక్టర్ జేమ్స్ కాంట్లీ. 1896లో లండన్‌లోని చైనా రాయబార కార్యాలయంలో బందీ అయిన విప్లవకారుడు సన్ యట్-సేన్‌ను విడిపించడానికి ఊరంతా గగ్గోలు పెట్టించినవాడు ఈయనే. పరీక్షలో ఒక్కరు తప్ప అందరూ గట్టెక్కారు.

హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు కూడా అప్పుడు లండన్‌లోనే ఉన్నారు. లైసియం క్లబ్బు మహిళలు సైనికులకు బట్టలు కుడుతున్నారు. కత్తిరించిన గుడ్డల మూటొకటి తెచ్చి గాంధీ ముందు పడేశారావిడ, కుట్టించి ఇమ్మని. ఆయన మిత్రులను పోగేసి కుట్టించారు.

అసలు గొడవ శిక్షణలో మొదలైంది. దళాధికారి ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లను నాయకులుగా పెట్టాడు. వాళ్ల పెత్తనం దళంలోని మిగతావాళ్లకు గిట్టలేదు. మా నాయకులను మేమే ఎన్నుకుంటామన్నారు. సేవకు వచ్చినవాళ్లకు ఆ మాత్రం రోషం ఉండటంలో తప్పేముంది! ఈలోగా సౌతాంప్టన్ దగ్గరి నెట్లీ ఆసుపత్రికి గాయపడిన సైనికులు పెద్దసంఖ్యలో వచ్చారు. వాళ్ల సేవకు రమ్మంటే కొందరు వెళ్లారు, కొందరు ససేమిరా అన్నారు.

గాంధీ మాత్రం ఊపిరితిత్తుల పొర వాపుతో మంచానపడ్డారు. చికిత్స చేసినవారిలో అక్కడే వైద్యం చదువుతున్న జీవరాజ్ మెహతా ఒకరు. 1960లో గుజరాత్ తొలి ముఖ్యమంత్రి అయింది ఆయనే.