విల్లంబుల కథ ఒక్కటే కాదు: 26 తుపాకుల లెక్క



మన్యం పోరాటం అనగానే బొమ్మల్లో, సినిమాల్లో, కూడళ్ళలో విగ్రహాల్లో కనిపించేది విల్లు, అంబులపొది. అది అబద్ధం కాదు. కానీ అంతే చూపించి ఆపేస్తే మన పెద్దలు ఆయుధం గురించి ఏమీ ఆలోచించని అమాయకులు అనే మాట మిగిలిపోతుంది. ఆ మాట మనకి నచ్చదు, నిజమూ కాదు. 1922 ఆగస్టులో మూడు రోజుల్లో వాళ్ళు ఏ వస్తువు కోసం వెళ్ళారు, అదే ఎందుకు కావాలనుకున్నారు అన్నది ఈసారి రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు చట్టం సంగతి. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకి బాగా పట్టుకున్న భయం ఒకటే, మనోళ్ళ చేతిలో తుపాకి. లిట్టన్ వైస్రాయ్‌గా ఉన్నప్పుడు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడికి తుపాకి ఉండాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. చట్టం అలా వచ్చిందో లేదో, 1879 మార్చిలో రంప మన్యం లేచింది. చిగురుపన్ను, అంటే మన జీలుగు కల్లు మీద కూడా వేసిన పన్ను, మన్సబుదారు దోపిడీ, కింద వ్యాపారుల అప్పులు, పోలీసుల జులుం, ఇవన్నీ కలిసి లేపాయి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య ముందు నిలబడ్డారు. చంద్రయ్య అడ్డతీగల పోలీస్ స్టేషన్‌ని తగలబెట్టాడు. గుర్తుపెట్టుకోండి, స్టేషన్ మీదికి వెళ్ళడం అనేది 1922లో పుట్టిన ఆలోచన కాదు. నలభై ఏళ్ళ ముందే మన కొండల్లో ఉంది.

ఇదే దేశంలో ఇంకో కొండ ప్రాంతం, కొడగు. అక్కడి కొడవలకి 1861లోనే తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చారు, అది ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళు పండక్కి తుపాకిని పూజిస్తారు కూడా. సర్కారుకి ఎవరు నమ్మకస్తులు అనిపించారో వాళ్ళకి ఒక రూలు, ఎవరి మీద అనుమానమో వాళ్ళకి ఇంకోటి. అంతే మరి.

ఇప్పుడు అసలు విషయం. కొండల్లో తుపాకి తెలియక కాదు. నాటు తుపాకి, అంటే మూతి నుంచి మందు కూరేది, వేటగాళ్ళకి బాగా తెలిసిన వస్తువే. దాని గొప్పతనం ఏంటంటే ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. సూరేకారం, గంధకం, బొగ్గు ఉంటే మందు తయారవుతుంది. సీసం కరిగిస్తే గుండు. చెడిపోతే కమ్మరి చూసుకుంటాడు. మరి దాన్నే పట్టుకుని పోరాడొచ్చు కదా?

దానికి అడ్డం రెండు. ఒకటి, ఒక్కసారి పేల్చాక మళ్ళీ మందు పోయాలి, పీచు కుక్కాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి. అడవిపందికైతే ఒక్క దెబ్బ చాలు, పటాలం ముందు చాలదు. రెండోది వాన. మన్యంలో ఆగస్టు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మందు చెమ్మగిల్లితే నాటు తుపాకి చేతికర్రతో సమానం. ఇత్తడి తూటాకి ఆ బాధ తక్కువ. వెనక నుంచి పెట్టి మూసి పేల్చడమే.

ఐతే ఇత్తడి తూటాలో ఒక మెలిక ఉంది. దాన్ని మన కమ్మరి చేయలేడు, ఫ్యాక్టరీ నుంచే రావాలి. అంటే వెనక నుంచి నింపే తుపాకిని ఎంచుకున్న రోజే తూటా ఎక్కడి నుంచి తెస్తావు అన్న ప్రశ్న కూడా నెత్తిన పడుతుంది. దానికి అప్పట్లో మన్యంలో జవాబు ఒక్కటే, పోలీస్ స్టేషన్.

1922 ఆగస్టు 22న చింతపల్లి. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వాళ్ళతో సుమారు 300 మంది. దొరికినవి 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయ్‌నెట్లు. మర్నాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. 24న రాజవొమ్మంగిలో 8, అక్కడ బందీగా ఉన్న వీరయ్యదొరని కూడా విడిపించారు. మూడు రోజుల్లో మొత్తం 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు. ఏమేం తీసుకున్నామో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. దొంగతనం కాదు, లెక్క అన్నమాట.

ఆ లెక్కని మనం కూడా ఒకసారి వేద్దాం. 300 మందికి 26 అంటే సుమారు పన్నెండు మందికి ఒకటి. మిగతావాళ్ళ చేతుల్లో విల్లు, బల్లెం, కత్తి. అంటే విగ్రహాల్లో విల్లు తప్పు కాదు, సగం నిజం. ఇంకో లెక్క, 2,500 తూటాల్ని 26 తుపాకులకి పంచితే తలా వంద కూడా రావు. సాధన కోసం వృథా చేయడానికి లేదు, దూరం నుంచి ఊరికే కాల్చడానికి లేదు. కాబట్టి మాటు వేయాలి, దగ్గరకి రానివ్వాలి, ఎవరిని కొట్టాలో చూసుకుని కొట్టాలి.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది అదే. ముందు నడిచిన భారతీయ సిపాయిల్ని పోనిచ్చారు. వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారుల్ని కాల్చారు. మన దేశస్తుల్ని కొట్టొద్దన్న రాజు మాట అక్కడ పనిచేసింది, నిజమే. దానితో పాటు తూటాల పొదుపు కూడా పనిచేసిందని మేము అనుకుంటాం. నీతి, అవసరం రెండూ ఒకే దారిలో నడిచిన చోటు అది.

సర్కారుకి కూడా ఈ లెక్క అర్థమైంది. అక్టోబరు 15న ముందే కబురు పంపి అడ్డతీగల మీదికి వెళ్తే స్టేషన్ చేతికొచ్చింది గానీ తుపాకులు లేవు, ముందే దాచేశారు. 19న రంపచోడవరంలోనూ అంతే. మిరపకాయల టపా పంపి చెప్పి వెళ్ళడం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ దాని ఖరీదు ఇదీ అని కూడా మనలో మనం మాట్లాడుకోవాలి. డిసెంబరు 6న పెద్దగడ్డెపాలెం దగ్గర మలబార్ స్పెషల్ పోలీసులతో తలపడినప్పుడు మనుషులూ పోయారు, ఆయుధాలూ పోయాయి. పోయిన తుపాకికి బదులు తెచ్చుకునే స్టేషన్ ఇక లేదు. 1924 జనవరికి అస్సాం రైఫిల్స్ దిగింది.

ఎదుటి పక్క సైన్యం చేతిలో ఏముందో కూడా చూడండి. బ్రిటిష్ సైన్యపు .303 లీ ఎన్‌ఫీల్డ్‌కి పది తూటాల మ్యాగజైన్. బోల్టు లాగి తోస్తే చాలు, తర్వాతి తూటా ఎక్కుతుంది. మరి మన పోలీసులకి అదే ఇచ్చారా? 1857 తర్వాత భారతీయ పటాలాలకి తెల్ల పటాలాల కంటే ఒక తరం పాత తుపాకి ఇవ్వడం వాళ్ళ పద్ధతి. తెల్లవాళ్ళు మార్టినీకి మారాక మనవాళ్ళకి స్నైడర్. పోలీసుల కోసమైతే ఇంకో చిత్రం చేశారు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో అదే లీ ఎన్‌ఫీల్డ్‌ని తీసుకుని, గొట్టం లోపలి మెలికల గాళ్ళు తీసేసి నున్నగా చేసి, .410 మస్కెట్‌గా మార్చారు. మ్యాగజైన్ ఉండాల్సిన గూట్లో చెక్కముక్క బిగించారు. పైకి చూస్తే రైఫిల్, లోపల ఒక్క తూటా పట్టే షాట్‌గన్. దాని తూటా సైన్యం రైఫిల్లో పట్టదు, సైన్యం తూటా దీంట్లో పనికిరాదు. ఎవరైనా లాక్కుపోయినా సైన్యంతో సమానం కాకూడదు, ఆ ఏర్పాటు. యంత్రాన్ని బాగు చేయడానికి ఇంజనీర్లు ఉంటారని మనం చదువుకున్నాం కదా, కావాలని చెడగొట్టడానికి కూడా ఉంటారు.

1924 మే 7న రాజుని చంపారు. జూన్ 7న గంటందొరని చంపారు. మల్లుదొర పట్టుబడి అండమాన్ వెళ్ళి, తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఆ 26 తుపాకుల్లో చేతులు మారినవి ఎన్ని, పగిలినవి ఎన్ని అని ఏ పాఠ్యపుస్తకమూ పిల్లలకి చెప్పదు.

మన చట్టాల సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని నాటు తుపాకి నేరం, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. ఇంట్లో తాత వదిలేసిన తుపాకి ఉందని ఫొటో తీసి పెట్టేవాళ్ళు, దయచేసి ఆ పని చేయకండి, కేసుల్లో ఇరుక్కునేది మన పిల్లలే. మాకు కావాల్సింది మాటలు. మీ ముఠాలో పెద్దోళ్ళు మందు ఎలా కలిపేవాళ్ళు, సూరేకారం ఏ సంతలో దొరికేది, తుపాకి భాగాలకి కోయలో, కొండరెడ్ల మాటలో, బగతల మాటలో ఏ పేర్లు ఉన్నాయి, ఇవి అడిగి రాసి పంపండి. చెప్పినవాళ్ళ ఊరు, వయసు వేయండి. ఆ తరం వాళ్ళు గూడెంకి ఒకరిద్దరే మిగిలారు, ఈ పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడే కూర్చోండి.