మన్యంలో దొరల బంగ్లాలు: మనం రాసుకోవాల్సిన చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, పాలకొండ, సాలూరు లాంటి పట్నాల్లో పాత కచేరీల వైపు వెళ్తే ఇంగ్లీషువాళ్ల కాలం నాటి కట్టడాలు ఒకటో రెండో ఇంకా కనిపిస్తాయి. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, గుండ్రటి స్తంభాలు, టేకు దూలాలు. కొన్నింటిలో ఇప్పటికీ ఆఫీసులు నడుస్తున్నాయి. కొన్నింటికి ఎప్పుడో తాళం పడింది. గోడ సందుల్లో రావిమొక్కలు మొలిచాయి. జనం వాటిని దొర బంగ్లా అనో, డచ్ బంగ్లా అనో, అడవి బంగ్లా అనో పిలుస్తారు.

ఇలాంటి కట్టడాలను కాపాడాలనే మాట పట్నాల్లో అప్పుడప్పుడు వినిపిస్తోంది. మంచిదే. అయితే ఆ మాటలో మనకు పని ఏముంది? మన తాతముత్తాతలను లొంగదీసుకున్న దొరల ఇళ్ల గురించి ఆదివాసీ యువకులు, టీచర్లు ఎందుకు పట్టించుకోవాలి?

ఎందుకంటే ఆ ఇళ్ల చరిత్ర ఇప్పటికి సగమే రాసి ఉంది. కట్టించినవారి పేరు కాగితం మీద ఉంది. రాళ్లు మోసినవారి పేరు లేదు. లోపల కూర్చుని సంతకం చేసినవారి పేరు ఉంది. ఆ సంతకంతో పోడు పోయినవారి పేరు లేదు. ఆ రెండో సగం మన ఊళ్లలో ముసలివాళ్ల నోళ్లలో ఉంది. గోడలు కూలకముందే, ఆ పెద్దలు మనకు దూరం కాకముందే దాన్ని రాసుకోవాలి.

ఈ ఇళ్లు ఎలా వచ్చాయి

మన తీరంలో ముందు స్థిరపడిన తెల్లవాళ్లలో డచ్చివాళ్లు ఉన్నారు. భీమునిపట్నంలో వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరు 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. అంతకు ముందే, 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, 1766లో నిజాముతో చేసుకున్న ఒడంబడికతో, ఉత్తర సర్కారులు కంపెనీ పాలనలోకి వచ్చాయి. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. జమీందార్లు శిస్తు కట్టాలి, కంపెనీ వసూలు చేసుకోవాలి.

కొండల్లో ఆ లెక్క సాగలేదు. 1830ల్లో పర్లాకిమిడి, పాలకొండ, విశాఖపట్నం ప్రాంతాల్లో తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి రస్సెల్ అనే అధికారిని మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా పంపింది. తర్వాత 1839లో ఒక చట్టం చేసి, కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా పెట్టి ఆయన చేతిలో ఉంచింది. మన ప్రాంతాన్ని ఈ రోజుకీ 'ఏజెన్సీ' అనడం అక్కడి నుంచే వచ్చింది.

బంగ్లాను అర్థం చేసుకోవడానికి ఈ సంగతి ముఖ్యం. శిస్తు అడిగేదీ, తగవు తీర్చేదీ, శిక్ష వేసేదీ ఒకే దొర. కాబట్టి దొర దిగిన బంగ్లా ఇల్లు మాత్రమే కాదు, కచేరీ, కోర్టు కూడా. పాలకొండ జమీను ప్రభుత్వం చేతికి వచ్చాక మద్రాసుకు చెందిన అర్బత్‌నాట్ కంపెనీకి కౌలుకు పోయింది. అక్కడ ఆ కంపెనీ నీలిమందు వ్యాపారం చేసింది. 1906లో ఆ కంపెనీ దివాలా తీసింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాని వెంట రిజర్వు అడవులు, గార్డులు, అడవి బంగ్లాలు వచ్చాయి. రోడ్డు పడిన చోట ముసాఫరు బంగ్లా, గొడవ జరిగిన చోట పోలీసు ఠాణా. ఏ బంగ్లా ఎందుకు కట్టారో తెలిస్తే ఆ ఊరి మీద ఏ చట్టం వచ్చి పడిందో తెలుస్తుంది.

పుట్టసింగి ఠాణా

సగం చరిత్ర అంటే ఏమిటో పుట్టసింగి సంగతి చూస్తే తెలుస్తుంది. ఈ ఊరు గుణుపురం పైన సవర కొండల్లో ఉంది. అప్పుడు విశాఖపట్నం జిల్లాలోది, ఇప్పుడు ఒడిశాలోని రాయగడ జిల్లాలోది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాయగా 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ సంగతి కొద్ది వాక్యాల్లో ఉంది.

1864లో పుట్టసింగి పోలీసులు ఒక సవర పెద్దను పట్టుకున్నారు. ఆ అరెస్టు సరయినది కాదని గెజిటీరే ఒప్పుకుంది. సవరలు వెళ్లి తమ పెద్దను విడిపించుకున్నారు. ఆ గొడవలో ఇన్‌స్పెక్టరును, నలుగురు కానిస్టేబుళ్లను చంపి, ఠాణాను తగలబెట్టారు. జయపురం రాజా సాయంతో ప్రభుత్వం 24 మందిని పట్టుకుంది. 9 మందికి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. ఐదుగురిని ఘాటు దిగువన జల్తేరులో ఉరి తీశారు. రాజాకు ప్రభుత్వం ఒక తుపాకీ, మరికొన్ని బహుమానాలు ఇచ్చింది. 1865లో కొండ మీద మళ్లీ ఠాణా పెట్టడానికి వెళ్లిన పోలీసుల మీద సవరలు మళ్లీ తిరగబడ్డారు. చివరికి ఠాణా నిలబడింది.

ఆ వాక్యాల్లో ఇన్‌స్పెక్టరు హోదా ఉంది. రాజాకు ఇచ్చిన బహుమానం ఉంది. ఉరికెక్కిన ఐదుగురి పేర్లు లేవు. పోలీసులు పట్టుకున్న ఆ పెద్ద పేరూ లేదు. ఆయన ఏ ఊరి గొమాంగో, ఎందుకు పట్టుకున్నారు, ద్వీపాంతరం పోయినవారి పెళ్లాం బిడ్డలు ఎలా బతికారు అన్నవి పోలీసులకు అక్కర్లేని ప్రశ్నలు. మనకు అవే ముఖ్యమైన ప్రశ్నలు.

మోసిందెవరు

రోడ్డు లేని కొండ మీదికి సున్నం, పెంకు, దూలం ఎలా ఎక్కాయి? పశువుల వీపు మీద కొంత, మనుషుల తల మీద, కావిడి మీద మిగిలింది. దొర సామాను మోయడం, దొర కూర్చున్న డోలీ మోయడం, బంగ్లాకు నీళ్లు, కట్టెలు అందించడం మన్యంలో వెట్టిగానో, చాలీచాలని కూలికో జరిగేవి. పక్కనున్న విశాఖ మన్యంలో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించుకున్నాడు. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర లాంటివారు నడవడానికి ఆ కడుపుమంట కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు జరిగాయి. ఆ మూడూ ప్రభుత్వ కట్టడాలే. ఈ రోజు ఆ ఊళ్ల పేర్లు చెబితే మనకు దాడి చేసినవారు గుర్తొస్తారు, కట్టించినవారు కాదు. ఒక కట్టడం ఎవరి జ్ఞాపకంగా మిగలాలన్నది దాని కథ ఎవరు చెబుతారన్న దాన్ని బట్టి ఉంటుంది.

రెండు ఇళ్లు

దొరల కట్టడాలే కాదు, ఆ కాలంలో మనవాళ్లు నివసించిన ఇళ్లు కూడా ఉన్నాయి. విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇల్లు ఈ రోజు స్మారకంగా నిలిచి ఉంది. ఆయన 1915లో చనిపోయారు. 'కన్యాశుల్కం' రాసిన మనిషి తిరిగిన గదుల్ని పిల్లలు చూడగలుగుతున్నారు.

మనకు ఇంకా దగ్గరి మనిషి గిడుగు రామమూర్తి గారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. అక్కడే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అన్నేళ్ల పర్లాకిమిడి కాపురంలో ఆ నిఘంటువు తయారైంది. అందులోని ప్రతి మాటా ముందు ఒక సవర నోటి నుంచి వచ్చింది. గిడుగు వారి జ్ఞాపకాన్ని నిలబెట్టే చోట ఆయనకు మాట నేర్పిన సవరల జ్ఞాపకం కూడా నిలబడాలి. ఇది ఆయన్ని తగ్గించడం కాదు. ఆయన చేసిన పనిని పూర్తిగా చెప్పడం.

కూలిపోతే పోనీ అనవచ్చా

'వెట్టి చేయించినవాడి బంగ్లా కూలిపోతే పోనీ' అనే యువకులున్నారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ పుట్టసింగిని మళ్లీ చూడండి. ఠాణా కాలిపోయింది, కాగితం మిగిలింది. కట్టడం పోయినా కాగితం ఉన్నవాడి చరిత్ర పోలేదు. కట్టడమూ లేక, కాగితమూ లేకపోతే పోయేది మన చరిత్ర.

అండమాన్ సెల్యులర్ జైలును ఇంగ్లీషువాళ్లు 1906లో కట్టి ముగించారు. దాన్ని కూల్చేయాలనుకున్న కాలమూ ఉంది. అందులో మగ్గినవారే అడ్డుపడ్డారు. 1979లో అది జాతీయ స్మారకమయింది. అక్కడ గోడ మీద ఖైదీల పేర్లు చెక్కి ఉన్నాయి. అక్కడికి వెళ్లినవారు జైలరును తలుచుకోవడానికి వెళ్లరు. మన బంగ్లాలకు కూడా అదే దారి.

మరో లాభం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది ఏవి సాక్ష్యంగా పనికొస్తాయో చెబుతుంది. గెజిటీర్లు, సర్వే పటాలు, అటవీ రికార్డులు, పాత ఇళ్ల ఆనవాళ్లు, రాతలో పెట్టిన పెద్దల మాట, ఇవన్నీ అందులో ఉన్నాయి. అడవి బంగ్లా పాత రిజిస్టరులో మన ఊరి పేరు, కూలికి వచ్చినవారి పేర్లు దొరికితే అది చరిత్రకే కాదు, భూమికీ ఆధారం.

ఏమి చేయాలి

ముందు మన మండలంలోని పాత కట్టడాల జాబితా రాయాలి. ఒక్కోదానికి ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఊరు, సర్వే నంబరు, ఇప్పుడు ఏ శాఖ చేతిలో ఉంది, ఎన్ని గదులు, గోడ మందం ఎంత, కప్పు మద్రాసు మిద్దెనా, పెంకా. టేపుతో కొలిచి పటం గీయడం తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. నాలుగు వైపులా, లోపలా ఫోటోలు తీయాలి. రాతి పలక ఉంటే దాని మీది అక్షరాలు ఉన్నవున్నట్టు ఎక్కించాలి.

తర్వాత కాగితం. రెవెన్యూ, అటవీ, పోలీసు, రోడ్లు భవనాల శాఖల దగ్గర పాత రిజిస్టర్లు ఉంటాయి. ఊరికే చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి కాగితాలు చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1936లో గుణుపురం, పర్లాకిమిడి ఒడిశాకు పోయాయి కాబట్టి అటువైపు కూడా వెతకాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది, ఆలస్యమైతే ఎన్నటికీ చేయలేనిది, పెద్దల మాట రాసుకోవడం. ఈ బంగ్లాను మీ తాతలు ఏమని పిలిచేవారు? సామాను ఏ దారిన వచ్చింది? ఏ ఊరివాళ్లు మోశారు? కూలి ఎంత, ఎవరి చేతికి ఇచ్చారు? దొర వస్తే కోళ్లు, గుడ్లు, పాలు ఎవరి ఇంటి నుంచి పోయేవి? వెళ్లకపోతే ఏమి చేసేవారు? సవరలో చెబితే సవరలో, కువిలో చెబితే కువిలో రికార్డు చేసి, తర్వాత తెలుగులో పెట్టాలి. చెప్పినవారి అనుమతి తీసుకోవాలి. వారి పేరు, ఊరు, తేదీ రాయాలి. రాసిన దాన్ని వారికే మళ్లీ చదివి వినిపించాలి.

బాగుచేయడం గురించి ఒక్క మాట. ఆ గోడలు గానుగ సున్నంతో కట్టినవి. వాటి మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక ఇటుక పొడి అవుతుంది. ముందు కప్పు కారకుండా చూడాలి, రావిమొక్కను వేరుతో తీయాలి, పూత సున్నంతోనే వేయాలి. చాలా బంగ్లాలు 1960 నాటి మన రాష్ట్ర పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత జాబితాలో లేవు. ఇంజినీరు పనికిరాదని రాస్తే వేలానికి పోతాయి. ఆ రోజుకు ముందే మన నోటు పుస్తకం, గ్రామసభ తీర్మానం కలెక్టరు చేతిలో ఉండాలి.

మన ఇళ్లను మరవొద్దు

ఇదే పుస్తకంలో మన పాత ఇళ్లకు కూడా చోటు ఉండాలి. గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండే సవర ఇళ్లు, ఎర్రమట్టి అలుకు, కిందికి దిగిన గడ్డి కప్పు, లోపలి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఎడిసింగ్ బొమ్మలు. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన పుస్తకంలో సవర గోడబొమ్మల గురించి వివరంగా రాశాడు. బయటివాడు అంత రాశాడు. మనం మన ఊళ్లో ఇంకా ఎన్ని ఇళ్లలో ఆ బొమ్మ ఉందో లెక్క కూడా రాసుకోలేదు. కాలనీ ఇళ్లు వచ్చిన చోట ఆ గోడ పోతుంది, గోడతో పాటు బొమ్మా పోతుంది. కొత్త ఇల్లు వద్దనడం లేదు. పాతది తీసే ముందు కొలిచి, ఫోటో తీసి, బొమ్మ వేసినవారిని అడిగి రాసుకుందాం. 1996 పెసా చట్టం మన సంస్కృతిని, గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో చేరని ఊళ్లకు ఆ చట్టం వర్తించదు. శ్రీకాకుళం జిల్లాలో అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ ఈ పని బడి, యువజన సంఘం ఎత్తుకోవాలి.

ఈ సెలవుల్లో ఒక్కో బడి ఒక్క కట్టడం, ఒక్క పాత ఇల్లు తీసుకుంటే చాలు. పుస్తకం నిండాక ఒక నకలు బడిలో, ఒక నకలు పంచాయతీలో ఉంచండి. ఆ బంగ్లా ముందు రేపు ఎవరైనా బోర్డు పెడితే, కట్టించినవారి పేరు కింద మోసిన ఊళ్ల పేర్లు కూడా రాయమని అడగడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది.